సకుటుంబ సపరివార సమేతంగా

ప్రోగ్రాములు రాయడం నేర్చుకుంటున్న చిరంజీవులకు నా మొదటి సలహా: దయచేసి ఏమీ రాయకండి. దానికి ఎన్‌పీఎం ఉంది, జావాస్క్రిప్ట్‌లో ఇతరులు రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కల్ని, అంటే ప్యాకేజీల్ని, తెచ్చిపెట్టే సాధనం. టెర్మినల్ తెరిచి ‘ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ అని కొట్టి పక్కన ఒక ప్యాకేజీ పేరు చెబితే చాలు, ముక్కూమొహం తెలియని మహానుభావుడెవరో రాసింది మీ కంప్యూటర్లో దిగుతుంది. ఒంటరిగా దిగదు, తనకు కావాల్సిన మిగతా ప్యాకేజీలనూ వెంటబెట్టుకొస్తుంది. శుభలేఖల్లో ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేస్తామా, దాన్ని అక్షరాలా పాటించేది ఈ ప్యాకేజీలే.

ఒక సంఖ్య సరిసంఖ్యో కాదో చెప్పడానికి ‘ఈజ్-ఈవెన్’ అని ఒక ప్యాకేజీ ఉంది. అది తనంతట తాను చెప్పదు. ‘ఈజ్-ఆడ్’ని అడుగుతుంది, అది కాదంటే ఇది అవునంటుంది. ఈజ్-ఆడ్ కూడా తొందరపడే రకం కాదు, వచ్చింది అసలు సంఖ్యేనా అని ‘ఈజ్-నంబర్’ దగ్గర వాకబు చేస్తుంది. మూడో తరగతి పిల్లాడు వేళ్ల మీద తేల్చే విషయం!

2016 మార్చిలో ఒక పేరు దగ్గర వచ్చిన తగాదాలో ఒకాయన అలిగి తన ప్యాకేజీలన్నీ వెనక్కి తీసుకుపోయాడు. వాటిలో ‘లెఫ్ట్-ప్యాడ్’ ఒకటి. మొత్తం 11 లైన్లు. ఎడమపక్క ఖాళీలు చేర్చడం తప్ప దానికి వేరే పని లేదు. అది లేక ఎక్కడెక్కడి బిల్డులూ, అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రాముగా కూర్చే పనులూ, ఆగిపోయాయి. చివరికి ఎన్‌పీఎం వాళ్లే తెచ్చి మళ్లీ పెట్టారు.

ఇక భద్రత. దిగిన ప్యాకేజీల్లో ఇదివరకే బయటపడ్డ భద్రతా లోపాలున్నాయేమో చూసే ‘ఎన్‌పీఎం ఆడిట్’ 2018లో ఆరో వెర్షన్‌తో వచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాల మొహాలను స్టేషన్ గోడ మీది ఫొటోలతో పోల్చి చూస్తుందన్నమాట. ఫొటో ఇంకా ఎక్కని దొంగ దాని లెక్కలో పెద్దమనిషే. పైగా ప్యాకేజీ తెచ్చుకున్న స్క్రిప్టులు మామూలుగా ఇన్‌స్టాల్ చేసేటప్పుడే నడుస్తాయి. అంటే ఆడిట్ చేసేలోపే చుట్టం వంటింట్లోకి వెళ్లి డబ్బాలు తెరిచి చూసేసి ఉంటాడు. ఇన్‌స్టాల్‌కి ‘ఇగ్నోర్-స్క్రిప్ట్స్’ తగిలిస్తే వాటిని గుమ్మంలోనే ఆపొచ్చు. ఆ సంగతి ఏ ట్యుటోరియల్ మొదటి పేజీలోనూ నా కంటబడలేదు.

నేను ఉద్యోగంలో చేరిన రోజు ఆడిట్ ఎర్రగా మండిపోయింది. హడలిపోయి సీనియర్‌ని పిలిచాను.

“అన్నా, క్రిటికల్ లోపాలు రెండంటోంది.”

“పోయినేడు మూడుండె. తగ్గినయ్ తమ్మీ.”

నాకు మనసు ఊరుకోలేదు. శుక్రవారం సాయంత్రం ‘ఆడిట్ ఫిక్స్’కి ‘ఫోర్స్’ తగిలించాను. అది వెర్షన్లు ఎడాపెడా మార్చేసింది. క్రిటికల్స్ పోయాయి, వాటితోపాటు అప్లికేషనూ పోయింది. నడవని సాఫ్ట్‌వేర్‌ని ఏ హ్యాకరూ ఏమీ చేయలేడని మేనేజర్‌కి వివరంగా మెయిల్ పెట్టాను. ఆయన శనివారం నన్ను ఆఫీసుకి పిలిచారు.

ఆ ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడే సున్నిత మనస్కుల కోసం ‘నో-ఆడిట్’ అనే ఆప్షన్ కూడా ఉంది. మొన్న చూస్తే మా బిల్డ్ స్క్రిప్టులో అదే కనిపించింది. ఇంత బాధ్యతారాహిత్యమా అని ఒళ్లు మండి, ఎవరు పెట్టారో తేల్చుకుందామని, ఏ లైను ఎవరు రాశారో చూపించే గిట్ బ్లేమ్ కొట్టాను.

నా పేరే వచ్చింది.