పక్క టవర్‌కు తలుపు ఎవరు వేశారు?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వరద విజయవాడ సింగ్ నగర్ మీద పడిన రోజు. మా బావమరిది వాళ్లు రెండో అంతస్తులో ఇరుక్కుపోయారు. మధ్యాహ్నానికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయి ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని పడింది. కింది వాటా నుంచి పైకి చేరిన కుర్రాడి దగ్గర వేరే కంపెనీ సిమ్ ఉంది, దానికి రెండు గీతలున్నాయి. ఆ మేడ మీదున్న వాళ్లంతా వంతులేసుకుని, ఛార్జింగ్ చచ్చేదాకా, ఆ ఒక్క ఫోన్‌తోనే క్షేమం చెప్పుకున్నారు.

ఆ ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ దగ్గర కాస్త ఆగండి. మీ కంపెనీ టవర్ పడిపోయినా, 112 కొడితే అందుబాటులో ఉన్న పక్క కంపెనీ టవర్ ఆ కాల్‌ను మోస్తుంది. అంటే ఆ టవర్ మీ ఫోన్‌కు వినిపిస్తూనే ఉంది. తలుపు మాత్రం వేసి ఉంది. దాన్ని తీసే ఏర్పాటు పేరు ఇంట్రా సర్కిల్ రోమింగ్. ఒడిశాలో 2019 ఫణి తుపానుకూ, 2024 దానా తుపానుకూ తీశారు. 2025 జనవరిలో, మారుమూల ప్రాంతాలకు ఫోన్లు అందించేందుకు కేంద్రం పెట్టిన డిజిటల్ భారత్ నిధి సొమ్ముతో వేసిన 27 వేల పైచిలుకు టవర్ల మీద బీఎస్‌ఎన్‌ఎల్, ఎయిర్‌టెల్, జియో వినియోగదారులకు మామూలు రోజుల్లోనే తీశారు. కాబట్టి సాంకేతికత రాలేదన్న సాకు చెల్లదు. విపత్తు ముంచుకొచ్చినప్పుడు టెలికాం అధికారులెవరో ఆదేశాలిస్తే తప్ప తలుపు తెరుచుకోదు, నా పేచీ దాంతోనే. ఒక మండలంలో సగం టవర్లు పడిపోతే పావుగంటలో తనంతట తానే తెరుచుకోవాలని లైసెన్సులోనే రాయాలి.

కంపెనీలు ఒప్పుకోవు. ‘వేల కోట్లు పోసి మేం నెట్‌వర్క్ వేస్తే, వేయనివాడి కస్టమర్లు వచ్చి కూర్చుంటారా, మావాళ్లకే లైను దొరకదు’ అంటాయి. రద్దీ మాట నిజమే. అయితే వీడియోలు ఆపి మాటలు, ఎస్సెమ్మెస్‌లు మాత్రం పంపొచ్చుగా! లెక్కలంటారా, 2020 చివరిదాకా ఒకరి కాల్ ఇంకొకరి నెట్‌వర్క్‌కు వెళితే నిమిషానికి ఇన్ని పైసలని తేల్చుకున్నవాళ్లే.

దూరాభారం కాల్స్ సంగతి చూడండి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ లాంగ్ డిస్టెన్స్ వ్యవస్థ తొమ్మిది గంటలు కుదేలైంది. ప్రోగ్రామ్‌లో దొర్లిన చిన్న పొరపాటు 114 స్విచ్‌లను ఒకదాని తర్వాత ఒకటి పడుకోబెట్టింది. అయినా తెలిసినవాళ్లు నంబరు ముందు 10333 కొట్టి స్ప్రింట్ మీదుగా, 10222 కొట్టి ఎంసీఐ మీదుగా మాట్లాడుకున్నారు. అయిదంకెలు నొక్కితే ప్రత్యర్థి లైను! మన దగ్గర ఎస్టీడీ కాల్‌కు ఏ కంపెనీ లైను వాడాలో వినియోగదారుడే ఎంచుకోవాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2002లో తలపెట్టింది. అది జనం చేతిదాకా రానేలేదు.

పక్క టవర్ తలుపు తీసినా చాలని రోజులుంటాయి. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ అనే ఫోన్ కంపెనీకి గుండెకాయలాంటి కోర్ నెట్‌వర్కే ఆగిపోయింది. పోటీ కంపెనీలు సాయం చేస్తామన్నా, ఎవరు తన కస్టమరో చెప్పే డేటాబేసే తెరుచుకోక రోజర్స్ తీసుకోలేకపోయింది. ప్రభుత్వం 60 రోజులు గడువు పెట్టి పెద్ద కంపెనీలన్నిటితో పరస్పర సాయం ఒప్పందం చేయించింది. మన హైవే పక్కన రెండు కంపెనీల కేబుళ్లు ఒకే గోతిలో పడుకుంటే, డ్రైనేజీ తవ్వే జేసీబీ పన్ను ఒక్కటి చాలు, రెండూ పోతాయి. పేర్లు రెండయినా దారి ఒకటే.

అందుకే బీఎస్‌ఎన్‌ఎల్‌ను లాభనష్టాల తక్కెడలో తూచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసేనాటికి డజనుకు తక్కువ కాకుండా ఉన్న కంపెనీల్లో ఇవాళ మిగిలినవి ప్రైవేటువి మూడు, ప్రభుత్వానిది ఒకటి. ఆ నాలుగోది కూడా బక్కచిక్కితే ఎవరి తలుపు తడతాం? బందరు రోడ్డు మీద అగ్నిమాపక శకటం ఏడాదికి ఎంత సంపాదించిందని ఎవరైనా అడుగుతారా?

సత్యనారాయణపురంలో మా పెద్దమ్మ ఇంట్లో రాగి తీగ ల్యాండ్‌లైన్ ఉండేది. ఎక్స్ఛేంజీలోని 48 వోల్టుల బ్యాటరీలే దానికి కరెంటు పంపేవి, వీధంతా చీకటైనా గణగణా మోగేది. పోయినేడు ఆవిడే ఫైబర్ పెట్టించుకుంది. ఇప్పుడు కరెంటు పోతే ముందు మోడెం లైటు ఆరిపోతుంది. ఆ మూల బల్ల మీది ఫోన్ మూగబోతుంది.