ఐపీ దాకా వెళ్లకముందే
చిన్న పరిశ్రమలు గట్టెక్కడానికి 2021లో వచ్చిన ప్రీప్యాకేజ్డ్ దివాలా విధానమే (అప్పులిచ్చినవారితో ముందే ఒప్పందానికి వచ్చి, ఆపైన ట్రిబ్యునల్ ఆమోదం తీసుకునే పద్ధతి) మేలని ఒక వ్యాసకర్త రాశారు గానీ, అది కంపెనీలకు, ఎల్‌ఎల్‌పీలకే (పరిమిత బాధ్యత గల భాగస్వామ్య సంస్థలకే) వర్తిస్తుందన్న సంగతి కూడా చెప్పి ఉండవలసింది. తాడిపత్రిలో నాకు తెలిసిన నాపరాళ్ల పాలిష్ యూనిట్లు సొంత పేరు మీదో, అన్నదమ్ముల భాగస్వామ్యంలోనో నడిచేవే. వాటికి మిగిలేది 1920 నాటి దివాలా చట్టం కింద కోర్టులో ఐపీ, అంటే దివాలా పిటిషన్, వేయడమే. మా వైపు ఆ మాట తిట్టుతో సమానం. అయితే వాయిదా తప్పి 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏలోకి, అంటే మొండి బాకీల్లోకి, జారకమునుపే, రిజర్వు బ్యాంకు 2016లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, 25 కోట్ల లోపు రుణమున్న యజమాని తానే దరఖాస్తు పెట్టుకొని వాయిదాల సవరణ కోరవచ్చు. కటింగ్ బ్లేడు మార్చడానికైనా డబ్బు లేని రోజుల్లో, కరెంటు బిల్లులు, రావలసిన బాకీల జాబితా పట్టుకొని నేను బ్యాంకుకు వెళ్లి అడిగితే, మేనేజరు గారు అలాంటి దరఖాస్తు ఒకటుందని ఎన్నడూ విననట్టే చూశారు.