శిలాజానికి మ్యూజియం ఉంది, దిబ్బకి లేదు

1880లో భారత భూగర్భ సర్వే సంస్థ తరఫున విలియం కింగ్ గోదావరి జిల్లా తీరపు రాళ్ల మీద పెద్ద నివేదిక ప్రచురించాడు. రాఘవాపురం షేల్‌లో, అంటే మట్టి గట్టిపడిన పలకల్లాంటి రాయిలో, ఆకుల అచ్చులు, రాజమండ్రి పక్కన కాతేరులో లావా పొరల మధ్య ఇరుక్కున్న సున్నపురాయిలో గుల్లలు దొరికే ప్రాంతం అది. 1886లో ఆయనే మన విశాఖ నుంచి భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను నమోదు చేశాడు.

విశాఖ కొండల్లో అలాంటి శిలాజాలు వెతికినా దొరకవు. కైలాసగిరి కొండ రాయి ఖోండలైట్ కూడా ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టే. భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ రూపమే మారిపోయింది. మనకి మిగిలిన చదవదగ్గ పుస్తకం ఆ దిబ్బలే.

అక్కడ ఏదైనా గెడ్డలోకి, అంటే వాన నీరు కోసిన లోతైన పాయలోకి, దిగి గోడ చూడండి. అడుగున పసుపు ఇసుక, దాని మీద సున్నపు ఉండలున్న ఎర్రటి గోధుమరంగు పొర, ఆపైన ఇటుక ఎరుపు, అన్నిటికంటే పైన లేత పసుపు. ఆ ఉండల్లో కొన్ని గొట్టాల్లా ఉంటాయి. ఎప్పటివో మొక్కల వేళ్ల చుట్టూ సున్నం గడ్డకట్టి మిగిలినవవి. పిడికెడు ఇసుక నలిపితే అరచేయి ఎర్రబడుతుంది, రేణువుకి పట్టిన ఇనుప తుప్పు అది. సుమారు 20,000 ఏళ్ల కింద సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా తక్కువ. అప్పుడు బయటపడ్డ ఇసుకను గాలి మోసుకొచ్చిందని శాస్త్రవేత్తల వివరణ.

కాతేరు గుల్లని రాయితో సహా కోసి మ్యూజియంలో పెట్టొచ్చు. దిబ్బలో సమాచారమంతా ఏ పొర మీద ఏ పొర ఉందన్న వరసలోనే ఉంది. జేసీబీ ఒక్కసారి తవ్వితే ఆ వరస పోతుంది, తిరిగి పేర్చలేం. 2014లో జాతీయ భూవారసత్వ గుర్తింపు వచ్చింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరింది. సంతోషమే. కానీ దిబ్బల రక్షణ హద్దు మీద మన గొడవంతా ఇంకా ఎన్ని ఎకరాలు, ఏ సర్వే నంబరు అన్న దగ్గరే ఆగుతోంది. పైన వాలులో లేఅవుట్ వేసి వాన నీటి దారి మళ్లిస్తే, కంచె లోపలి గెడ్డ కూడా కోసుకుపోతుంది. అందుకే హద్దు గీయాల్సింది నీరు పారే వాలుని బట్టి.

ఇంకొకటి కూడా కావాలి. కొన్ని గెడ్డ గోడలు ఎంచుకుని, ఏటా వానల ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి, ఫొటోతో సహా అందరికీ కనబడేలా పెట్టాలి. ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ విద్యార్థులకి ఈ దిబ్బలు గంట ప్రయాణం కూడా కాదు.