రంగు తేలని స్కోన్లు

ప్రతి ఉదయమూ ఓట్స్ జావ తాగి తాగి, గిన్నె కనబడగానే ముఖం తిప్పుకునే స్థితికి వచ్చిన తరువాత, అవే ఓట్స్‌ను కాస్త మర్యాదగల రూపంలో తినవచ్చునన్న ఆశతో నేను స్కోన్లు, అంటే ఓవెన్‌లో కాల్చే చిన్న బన్నుల్లాంటివి, చేయడానికి పూనుకున్నాను. తీపి తగ్గించమని వైద్యుడు చెప్పి ఉన్నందున, తయారీ విధానంలో ఉన్న 60 గ్రాముల చక్కెరను 15 గ్రాములకు కుదించి, ఆ ఘనకార్యాన్ని ఇంట్లో ఒక్కొక్కరికీ విడివిడిగా తెలియజేశాను.

చక్కెర ఉన్నది తీపి కోసమేనని అప్పటివరకు నా నమ్మకం. అది పిండిలో తేమను పట్టి ఉంచుతుందనీ, లోపలి భాగాన్ని మృదువుగా ఉంచుతుందనీ, పైభాగానికి రంగు తెస్తుందనీ, అంటే ఒక్క జీతానికి నాలుగు కొలువులు చేస్తుందనీ, దాన్ని సాగనంపాక గానీ నాకు తెలిసిరాలేదు.

చల్లని వెన్నముక్కలను వేళ్ళ కొసలతో పిండిలో నలపడం వరకు పని సజావుగానే సాగింది. పేచీ పాల దగ్గర మొదలైంది. పాలు పోయగానే ముద్ద చేతికి అంటుకుంటోందని గుప్పెడు ఓట్స్ చల్లాను. కాసేపటికి ఓట్స్ ఆ పాలన్నీ పీల్చేసుకుని ముద్దను పొడిబార్చాయి. మళ్ళీ పాలు, మళ్ళీ ఓట్స్. ఈ వాదోపవాదాలు ముగిసేసరికి ఎనిమిది స్కోన్ల ముద్ద పద్నాలుగింటికి పెరిగింది. ముద్దను పొంగించే బేకింగ్ పౌడర్ మాత్రం మొదట కొలిచిన రెండు చెంచాలే. అదనపు బరువు మోయవలసి వస్తుందని దానికి ఎవరూ చెప్పలేదు. రంగు కోసం పైన పూయడానికి చెంచాడు పాలైనా మిగల్లేదు.

‘200 డిగ్రీల వద్ద 15 నిమిషాలు, లేదా బంగారు రంగు వచ్చేవరకు’ అని విధానంలో రాసి ఉంది. నా కొంప ముంచింది ఆ ‘లేదా’యే. 15 నిమిషాలకు చూస్తే స్కోన్లు జ్వరపడి లేచినట్టు పాలిపోయి ఉన్నాయి. మరో నాలుగు నిమిషాలు ఉంచాను. రంగు తెచ్చే చక్కెరను నా చేతులతోనే డబ్బాలో దాచి, ఆ రంగు కోసం ఓవెన్ అద్దం ముందు గొంతుక్కూర్చున్నాను. అంచులు ఎర్రబడ్డాయి గానీ, నేను కోరినది పైభాగం కనుక మరో నాలుగు, ఆపైన ఇంకో నాలుగు నిమిషాలు ఇచ్చాను. చివరికి రంగు లాంటిదేదో వచ్చింది. లోపల మిగిలిన కాస్త తేమా ఈలోగా సెలవు తీసుకుంది.

మా ఆవిడ ఒకదాన్ని చాకుతో కోయబోయి, చాకును పక్కన పెట్టి, “ఏమండీ, ఇవి అయిపోయినట్టేనా, ఇంకా కాల్చాలా?” అని ఎంతో సౌమ్యంగా అడిగింది. మా అమ్మాయి తన వాటాను జామ్‌లో ముంచి ముంచి తిన్నది. నేను వంటలోంచి తీసేసిన చక్కెర అంతా ఆ సీసా దారిన తిరిగి వచ్చిందని లెక్క వేశాను గానీ, పైకి అనలేదు.

మిగిలినవాటిని పారవేయడానికి మనసొప్పక ముక్కలు చేసి, రాత్రంతా పాలలో నానబెట్టాను. తెల్లవారి చూస్తే గిన్నె నిండా ఓట్స్ జావే ఉంది. ఈసారి వెన్నతో సహా.