ఒకే గొడుగు కింద ఇద్దరు పరాయివాళ్లు

ఆదివారం రాత్రి టీవీ కోసమే తీసిన కొత్త ప్రేమకథ వస్తుందంటే, నెల్లూరులో మా ఇంటిల్లిపాదీ పెందలాడే అన్నాలు తినేసి కూర్చున్నాం. వారం నుంచి ప్రోమోలు చూసి అమ్మ ఎంత ఆశ పెట్టుకుందో! చివరికి ఉసూరుమనిపించారు.

హీరో, హీరోయిన్ విడివిడిగా బాగానే చేశారు. పక్కపక్కన నిలబడితే మాత్రం ముక్కూమొహం తెలియనివాళ్లే. వర్షంలో ఒకే గొడుగు కిందకు వచ్చే సీను ఉంది. ఆ అమ్మాయి నవ్వుతూ తలెత్తింది. అతను ఆమె చెవి పక్కగా ఎటో చూస్తూ డైలాగు అప్పజెప్పాడు. గొడుగు ఆమె వైపు కాస్తయినా వంగలేదు, పాపం పిల్ల భుజం తడిసిపోతూనే ఉంది. ప్రేమించినవాడికి అది కనపడదా?

ఇక మా నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్ అని చెప్పి సముద్రంలో సూర్యుడు అస్తమించినట్టు చూపించారు. ఏందబ్బా ఇది! మనకు సముద్రం తూర్పున కదా, అక్కడ పొద్దు పొడుస్తుంది. చూసేవాళ్లు పట్టించుకోరులే అనుకోవడమే నాకు కష్టంగా ఉంది.

కామెడీ గురించి చెప్పడానికేం లేదు, ఒక్కసారి కూడా నవ్వు రాలేదు.

బడ్జెట్ చిన్నదంటే ఒప్పుకుంటాను. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి రెండు రోజులు రిహార్సల్ చేయించడానికి ఎంత ఖర్చవుతుంది? అమ్మ సగంలోనే లేచి పాలు తోడు పెట్టడానికి వెళ్లిపోయింది. మళ్లీ వచ్చి కూర్చోలేదు.