హ్యాండిక్యాప్‌లో ఉన్నది అడుక్కునే టోపీ కాదు

పోలియోతో కాలు చచ్చుబడిన మా అక్కకు పోయిన వారం బంధువులొకరు ఒక మెసేజ్ పంపారు. 1504లో ఇంగ్లండ్ రాజు ఏడవ హెన్రీ, యుద్ధంలో కాళ్లూ చేతులూ పోయిన సైనికులు టోపీ చేతబట్టి అడుక్కోవచ్చని చట్టం చేశాడట. ‘క్యాప్ ఇన్ హ్యాండ్’ కాస్తా ‘హ్యాండిక్యాప్’ అయిందట. అందుకే ఆ మాట వాడకూడదట. ఏళ్ల తరబడి తిరుగుతున్న కథే ఇది. పంపినవాళ్లు మంచి మనసుతోనే పంపారు. చదివిన అక్క మాత్రం రెండు రోజులు మామూలుగా లేదు.

ముందు చట్టం సంగతి. ఏడవ హెన్రీ 1495లో చేసిన చట్టం, పనిలేక తిరిగేవాళ్లను మూడు రోజులు బొండకొయ్యలో బిగించి రొట్టె, నీళ్లు మాత్రమే పెట్టమంది. పని చేయలేని బిచ్చగాళ్లను వాళ్ల ప్రాంతానికే పొమ్మంది. 1504 నాటి చట్టం ఆ శిక్షాకాలాన్ని తగ్గించింది, అంతే. ముసలివాళ్లకూ పని చేయలేనివాళ్లకూ అడుక్కోవడానికి అనుమతి పత్రాలిచ్చే ఏర్పాటు 1531లో, ఆయన కొడుకు ఎనిమిదవ హెన్రీ కాలంలో వచ్చింది.

ఇక మాట. అది ‘హ్యాండ్ ఇన్ క్యాప్’ అనే పాత ఇంగ్లిష్ బేరం ఆట నుంచి వచ్చింది. అంటే టోపీలో చెయ్యి. మన పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడడం చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఇద్దరు తమ వస్తువులు మార్చుకోవాలనుకుంటారు. ఒకరిది కోటు, ఇంకొకరిది గడియారం అనుకోండి. తక్కువ ఖరీదు వస్తువు గలవాడు పైన ఎంత కట్టాలో మధ్యవర్తి చెబుతాడు. ముగ్గురూ టోపీలో కొంత పందెం డబ్బు వేస్తారు. బేరగాళ్లిద్దరూ అందులో చెయ్యి పెట్టి ఒకేసారి బయటికి తీస్తారు. చేతిలో డబ్బుందా లేదా అన్నదాన్ని బట్టి ఒప్పుకున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇద్దరిదీ ఒకే మాటైతే పందెం డబ్బు మధ్యవర్తిది. ఒకరే ఒప్పుకుంటే ఆ ఒప్పుకున్నవాడిది. 1660 సెప్టెంబరులో లండన్‌లోని ఒక మద్యశాలలో ఈ ఆట ఆడామనీ, అంతకుముందు తనకు తెలియదనీ, చాలా బాగుందనీ ఆ కాలపు ఇంగ్లిష్ నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ తన డైరీలో రాసుకున్నాడు.

తర్వాత అది గుర్రప్పందాలకెక్కింది. బలమైన గుర్రం ఎంత అదనపు బరువు మోయాలో మధ్యవర్తి తేల్చేవాడు. గోల్ఫ్‌లో ఇప్పటికీ ఆ లెక్క ఉంది. బరువు నుంచి ‘ప్రతికూలత’ అనే అర్థం పుట్టింది. వైకల్యానికి ఆ మాట వాడడం 20వ శతాబ్దపు తొలినాళ్లలో మొదలైంది. ఏడవ హెన్రీ చనిపోయి అప్పటికి దాదాపు 400 ఏళ్లు.

ఆ మాట వద్దనడం సబబే. వికలాంగుల హక్కులపై మన దేశం చేసిన 2016 చట్టం పేరులోనూ అది లేదు. బస్సులో ఒకసారి ‘ఆ హ్యాండిక్యాప్‌కి సీటివ్వండయ్యా’ అని ఎవరో అరిస్తే, దిగేదాకా అక్క తలెత్తలేదు. వద్దనడానికి నాకు ఆ కారణం చాలు. ఆమె చేతిలో లేని టోపీ పెట్టక్కర్లేదు.