ఇద్దరు చాలన్నారు, ఇప్పుడు ఇంకా కనమంటున్నారు

ముగ్గురు పిల్లలున్నారని ఆంధ్రప్రదేశ్‌లో సర్పంచ్ పోటీకి దూరమైనవాళ్లు ఊరికొకరైనా కనిపిస్తారు. 1994 పంచాయతీరాజ్ చట్టం పెట్టిన ఆ అడ్డంకిని 2024 నవంబరులో అసెంబ్లీ తీసేసింది. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అంతకు నెల ముందే, పిల్లల్ని ఎక్కువమందిని కనండని బహిరంగంగా చెప్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే రాష్ట్రంలో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.7. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి.

ఆ తగ్గుదల ఎవరి ఒంటిమీద జరిగిందో అదే సర్వే చెబుతుంది. పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లు వందకు ఒక్కరు కూడా లేరు. రెండో కాన్పు కాగానే, చాలామందికి పాతికేళ్లు నిండకుండానే, ఆ పని అయిపోతుంది. కాపర్-టీ గురించో, కాన్పుకీ కాన్పుకీ ఎడం గురించో వాళ్లకు విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. అప్పుడు వద్దన్నా, ఇప్పుడు కావాలన్నా ఆమెను అడిగిందెవరు?

జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న దక్షిణాది భయం ఉత్తది కాదు. రాష్ట్రాలవారీ లోక్‌సభ సీట్ల పంపకం 1971 లెక్కల దగ్గరే ఆగి ఉంది, 2026 తర్వాతి జనగణనతో ఆ గడువు తీరుతుంది. కుటుంబ నియంత్రణ పాటించినందుకు సీట్లు పోవడం అన్యాయమే. కాకపోతే ఆ పోరు పార్లమెంటులో తేల్చుకోవాలి, కాన్పుల వార్డులో తేలేది కాదు. పిల్లల కోసం ఏళ్ల తరబడి డబ్బు గుమ్మరించిన దక్షిణ కొరియాలో 2023లో ఒక మహిళకు పుట్టే పిల్లల సగటు 0.72కి పడిపోయింది. ఎల్‌కేజీ ఫీజు చూసి రెండో బిడ్డకే వెనకాడే ఇళ్లు హైదరాబాద్‌లో, విజయవాడలో తక్కువేం కాదు.

ప్రపంచం సంగతి వేరు. 2022 నవంబరులో 800 కోట్లు దాటిన జనాభా 2080ల మధ్యలో 1,030 కోట్ల దాకా వెళ్లి, అక్కణ్నుంచి మెల్లగా దిగుతుందని ఐక్యరాజ్యసమితి 2024 అంచనా. పెరుగుదలలో పెద్ద వాటా ఆఫ్రికాది, అందుకని భూమికి భారమంటూ వేళ్లన్నీ అటే చూపిస్తాయి. ఏటా తలకు అమెరికన్ వదిలే బొగ్గుపులుసు వాయువు 14 టన్నుల చుట్టూ, మనది 2 టన్నుల చుట్టూ ఉంటే, ఆఫ్రికా దేశమైన నైజర్‌లో మనిషిది టన్నులో పదో వంతు. ఆ నైజర్‌లో నలుగురు అమ్మాయిల్లో ముగ్గురికి 18 నిండకుండానే పెళ్లవుతుంది. అక్కడ ఆరుగురిని కనాలన్నా, ఇక్కడ ఇద్దరితో ఆపాలన్నా నిర్ణయం ఆమె చేతిలో లేదు.

మనకు ముంచుకొస్తున్నది ముసలితనం. ఇవాళ పుట్టిన బిడ్డ సంపాదనకు రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది, ఇంటి పెద్దలు అంతవరకు ఆగలేరు. ఆంధ్రప్రదేశ్ వృద్ధులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఎనభైలోపు వాళ్లకు కేంద్ర పథకం ఇచ్చేది 200. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో ఉంటే రాత్రిపూట ఆయాసమొచ్చిన తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్లే మనిషి కావాలి. మండలానికో వృద్ధుల క్లినిక్, ఇంటికొచ్చి చూసే నర్సు, ఉద్యోగం చేసే తల్లికి దగ్గర్లో పిల్లల్ని చూసుకునే కేంద్రం: వచ్చే బడ్జెట్‌లో వీటికెంత పెడతారో చెప్పమనండి.